నుఖ్తా పోతే కాగజ్ మారినట్టే

గోబీ పువ్వు తుంచి చూడండి. చిన్న రెమ్మ కూడా పూర్తి పువ్వులాగే ఉంటుంది. ఇలా ముక్కలో మొత్తం కనిపించే ఆకారాలను ఫ్రాక్టల్స్ అంటారు. అమెరికాలోని జార్జియా టెక్‌లో గణితం చెప్పిన మైకేల్ బార్న్స్‌లీకి వీటి నుంచే ఒక ఖయాల్ వచ్చింది: ఫొటో అంతా దాచడం ఎందుకు, దాన్ని మళ్లీ గీసే నుస్ఖా దాస్తే చాలదా? ఫొటోలను పదివేల రెట్లు కుదించవచ్చని 1988లో ఆయన, అలన్ స్లోన్ కలిసి 'బైట్' పత్రికలో రాశారు. హఖీఖత్ ఏమిటంటే, ఆ నుస్ఖా తయారవ్వాలంటే పక్కన మనిషి కూర్చుని మెహనత్ చేయాల్సిందే.

మెషీన్ తనంతట తానే వెతుక్కునే తరీఖా ఆయన శిష్యుడు ఆర్నో జాకాన్ చూపించాడు. 1992లో వచ్చిన ఆయన వ్యాసంతో అది అందరికీ తెలిసింది. ఫొటోను చిన్న గళ్లుగా విడదీస్తారు. ఒక్కో గడికి పోలిక ఉన్న పెద్ద గడిని కంప్యూటర్ అదే ఫొటోలో వెతుకుతుంది. దాన్ని కుదించి, తిప్పి, తిరగేసి, వెలుగు సరిచేసి చూస్తుంది. చివరికి ఆ గడిని దాచదు. ఎక్కడ దొరికింది, ఏం మార్చింది అన్న హిసాబ్ మాత్రమే దాస్తుంది. తెరిచేటప్పుడు ఏ బొమ్మతో మొదలుపెట్టినా సరే, ఆ హిసాబ్ పదేపదే నడిపిస్తే అసలుకు దగ్గరి రూపం వచ్చేస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎన్‌కార్టా సీడీలో ఫొటోలు ఈ పద్ధతిలోనే ఇమిడాయి. కానీ వెతకడానికి చాలా వఖ్త్ పట్టేది. బజారులో జేపెగ్ గెలిచింది.

కమాల్ పనే, కాదనను. చెట్టుకో, మబ్బుకో దగ్గరి రూపం చాలు. మన కాగజాత్‌కు చాలదు. మా మధిర 1948 దాకా నిజాం రాజ్యంలోదే. ఆనాటి భూమి పత్రాలు, నికానామాలు ఉర్దూలో రాసినవి ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ఉర్దూలో నుఖ్తా పైన ఉంటే 'ఖుదా', కిందికి దిగితే 'జుదా'. పోలిక చాలనుకునే మెషీన్‌కు ఆ నుఖ్తా ఎంత?

ఇది ఉత్త భయం కాదు. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త, జిరాక్స్ కంపెనీ మెషీన్లు కొన్ని స్కాన్‌లో 6ను 8గా మార్చేస్తున్నాయని బయటపెట్టాడు. అది ఫ్రాక్టల్ కాదు, వేరే పద్ధతి. కానీ గుణం అదే: ఒకలా కనిపించిన అంకెల్లో ఒకదాని జాగాలో ఇంకొకటి పెట్టేసింది.

అందుకే నా మాట ఇది. బుజుర్గుల కాగజాత్‌ను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపి, ఇక భద్రం అనుకోకండి. పీఎన్‌జీలో స్కాన్ చేయించండి, పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. అస్లీ కాగజ్ మాత్రం పారేయకండి. అది మన చేతిలో ఉన్న అమానత్.