గుర్తు వేసిన తరువాత అడిగేది మష్వరా కాదు

మూసీ శుద్ధి కావాలని కోరనివారు హైదరాబాదులో లేరు. 1908 సెప్టెంబరు వరద జ్ఞాపకం పాతబస్తీ కుటుంబాలలో నేటికీ చెరిగిపోలేదు. నదిలో కలిసే మురుగు నగరమంతటిదీ. శిక్ష మాత్రం తీరవాసులకు. మన అభ్యంతరం నది బాగుపడటం మీద కాదు. ఆ బాగుకు మూల్యం చెల్లించవలసిన వారిని అడగకుండానే అంతా నిర్ణయించటం మీద.

2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ప్రాంతాలలో ఇళ్ల గోడలపై ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. మరుసటి నెలలోనే కూల్చివేతలు మొదలయ్యాయి. గోడ మీది అక్షరాలు చూసి తన ఇల్లు పోతున్నదని తెలుసుకున్న తల్లికి ఆ పిమ్మట జరిగే సమావేశంతో పనేమిటి? తీర్పు ముందు, విచారణ తరువాత! ఇదెక్కడి న్యాయం?

డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చాము కదా అంటారు. కొందరికి ఇచ్చిన మాట నిజమే. కాని ఇల్లంటే నాలుగు గోడలేనా? లాడ్ బజార్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గాజులకు రాళ్లు పొదిగే చేతులు పాతబస్తీ ఇరుకు గదులలోనే ఉన్నాయి. బజారుకు దూరమైతే ఆ చేతులకు పని ఉండదు. అద్దెకున్న కుటుంబం, తోపుడుబండి వ్యాపారి, చదువు నడుమ బడి మారవలసిన పిల్ల – వీరి నష్టం ఏ లెక్కలోకి వస్తుంది?

చట్టం వైపు చూద్దాం. 2013 నాటి భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను, బహిరంగ విచారణను తప్పనిసరి చేసింది. మౌలిక వసతుల పథకాలను అందులోనుంచి మినహాయించే అధికారాన్ని తెలంగాణ తన సవరణ ద్వారా చేజిక్కించుకున్నది. కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఆదేశించినా, నదీస్థలాలలోని అనధికార కట్టడాలకు ఆ రక్షణ వర్తించదన్నది. జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో చెప్పినదీ ఆ న్యాయస్థానమే. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారులకే కేటాయించి, వారిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలన్నది. బండివాడికి వేసిన పీట ఇంటివాడికి ఎందుకు వేయరు?

మనలోని లోపమూ చెప్పుకోవాలి. నలుగురు పెద్దలు అధికారితో చాయ్ తాగి ఫొటో దిగితే ‘ప్రజలను సంప్రదించాము’ అని దస్త్రంలో చేరుతుంది. ఆ నలుగురిలో స్త్రీ లేదు, అద్దెదారు లేడు. వారిని ఎవరూ ఎన్నుకోలేదు. మొహల్లా పేరుతో సంతకం చేసే హక్కు వారికెవరిచ్చారు?

మన కోరికలు నాలుగు. గుర్తు వేయకముందే పూర్తి ప్రణాళికను ఉర్దూలోను, తెలుగులోను బస్తీలో ఉంచాలి. ఉర్దూ 2017 నుండి రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అని మరువరాదు. స్త్రీలు, అద్దెదారులు ఉన్న ఎన్నికైన కమిటీతో చర్చించాలి. ప్రతి అభ్యంతరానికీ లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. ఉపాధికి దగ్గరగా పునరావాసం కల్పించిన తరువాతనే గోడ తాకాలి.

అంతవరకు చేతులు కట్టుకొని కూర్చోరాదు. ప్రతి బస్తీ అద్దెదారులతో సహా తన కుటుంబాల జాబితాను తానే రాసుకోవాలి. రేషన్ కార్డులు, కరెంటు బిల్లులు, బడి పత్రాలు భద్రపరచాలి. ప్రణాళిక ప్రతిని సమాచార హక్కు కింద అడగాలి. ‘వద్దు’ అనే స్వేచ్ఛ ఉన్నప్పుడే అది మష్వరా. లేనప్పుడు అది కేవలం చాటింపు.