తుపాకీ ఎందుకు మొరాయించింది?

ఆదివారం మధ్యాహ్నం. స్టవ్ మీద కుక్కర్. అరగంటైనా విజిల్ రాదు. ‘ఇది పాడైపోయింది, కొత్తది కొనేద్దాం’ అంటారు శ్రీవారు. శ్రీమతి మాత్రం స్టవ్ ఆపి, చల్లారాక మూత తీసి, వెయిట్ కింద ఉండే సన్నటి రంధ్రంలోకి చూస్తుంది. పప్పు నురుగు ఎండి అడ్డుపడింది. పుల్లతో శుభ్రం చేసి కడిగితే సరి!

ఇలాంటి చిన్న రంధ్రమే, దాన్లోంచి పోయే గ్యాసే ఓ పెద్ద సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టింది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల చేతిలో ఉన్న ఎం-16 తుపాకీ కథ ఇది.

గ్యాసే గుండెకాయ

తూటా పేలినప్పుడు లోపలి మందు మండి బోలెడంత గ్యాసు పుడుతుంది. అదే గుండును ముందుకు తోస్తుంది. బ్యారెల్ ముందు భాగంలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. కొంత గ్యాసు అందులోంచి సన్నటి గొట్టంలోకి దూరి, వెనక్కి వచ్చి బోల్టును నెడుతుంది. బోల్టు వెనక్కి జరుగుతూ ఖాళీ తొడుగును లాగి బయట పారేస్తుంది. స్ప్రింగు మళ్లీ ముందుకు తోయగానే కొత్త తూటా లోపలికొస్తుంది. ఇదంతా రెప్పపాటులో!

వేరే తుపాకుల్లో గ్యాసు ఒక కడ్డీని నెడితే, ఆ కడ్డీ బోల్టును కదుపుతుంది. 1950ల్లో యూజీన్ స్టోనర్ అనే అమెరికన్ ఇంజినీరు ఆ కడ్డీ తీసేసి, గ్యాసును నేరుగా వెనక్కి రప్పించాడు. బరువు తగ్గింది. కానీ మందు కాలిన మసి కూడా గ్యాసుతోపాటే లోపలికి చేరుతుంది. అందుకే ఈ తుపాకీకి శుభ్రత తప్పనిసరి.

మారింది మందే!

స్టోనర్ తుపాకీని ఒక రకం మందుతో పరీక్షించారు. ఆ మందుతో కోరిన వేగం, పీడనం రెండూ కుదరడం లేదని 1964లో సైన్యం మరో రకానికి మారింది. తుపాకీ అదే... తూటా చూడ్డానికి అదే... లోపలి మందు మాత్రం వేరు. కొత్త మందుతో రంధ్రం దగ్గర గ్యాసు పీడనం పెరిగింది. నిమిషానికి సుమారు 700-800 తూటాలు పేల్చే తుపాకీ వేగం వెయ్యి దాకా వెళ్లింది. మసీ ఎక్కువైంది.

పేలిన క్షణంలో తూటా తొడుగు ఉబ్బి గోడకు అతుక్కుంటుంది. అది కాస్త సర్దుకునే లోపే బోల్టు లాగేయబోతే? తొడుగు రాదు, లోపలే ఉండిపోతుంది. వియత్నాం తేమకు తూటా కూర్చునే గది తుప్పు పట్టి గరుకెక్కడంతో కష్టం రెట్టింపైంది. అంతకుముందు వాడిన ఎం-14కి లోపల క్రోమియం పూత ఉంది. దీనికి వేయలేదు.

ఇరుక్కున్న తొడుగును తీయాలంటే ముందు నుంచి కడ్డీ పెట్టి పొడవాల్సిందే. చాలామంది దగ్గర ఆ కడ్డీ కూడా లేదు. పైగా ‘ఈ తుపాకీకి పెద్దగా శుభ్రం చేసే పని లేదు’ అన్న ప్రచారం ఒకటి! 1967 వసంతంలో కొండల మీద జరిగిన పోరు తర్వాత ఒక సైనికుడు ఇంటికి ఉత్తరం రాశాడు. చనిపోయిన తోటివాళ్లలో దాదాపు ప్రతి ఒక్కరి పక్కనా బాగుచేసుకోబోయి విప్పిన తుపాకీ కనిపించిందన్నది దాని సారాంశం. ఆ ఉత్తరం పత్రికకెక్కింది. అమెరికా కాంగ్రెస్‌లోనూ వినిపించింది.

రిచర్డ్ ఐకార్డ్ నాయకత్వంలోని కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపి, 1967 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. తగిన పరీక్షలు లేకుండానే మందు మార్చారని తేల్చింది. సైన్యం తీరు నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని ఘాటుగా తప్పుపట్టింది.

ఆ తర్వాత తుపాకీ గదికి క్రోమియం పూత వేశారు. బోల్టు వేగం తగ్గించే బరువైన భాగం అమర్చారు. మసికి కారణమైన పదార్థాన్ని మందులో తగ్గించారు. శుభ్రం చేసే సామగ్రి పంచారు. ఎలా శుభ్రం చేయాలో 1968లో బొమ్మల పుస్తకమే వేశారు. దానికి బొమ్మలు వేసింది ప్రఖ్యాత కామిక్స్ చిత్రకారుడు విల్ ఐస్నర్. మొరాయింపులు బాగా తగ్గిపోయాయి. స్టోనర్ గ్యాసు పద్ధతి మాత్రం అలాగే కొనసాగింది.

వంటింటి బల్ల మీద

ఆ తుపాకీకి తోబుట్టువే ఏఆర్-15. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే తూటా పేలుతుంది. అమెరికాలో చాలామంది విడిభాగాలు కొని, ఇంట్లోనే దీన్ని బిగించుకుంటారు. (మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం నేరం. అది వేరే సంగతి!) ఇలా ఇంట్లో బిగించినది మొరాయిస్తే అనుభవజ్ఞులు ముందు అనుమానించేది గ్యాసునే. రంధ్రానికి గొట్టం సూటిగా కుదరకపోయినా, బోల్టు మీది గొట్టం స్క్రూ వదులైనా గ్యాసు చాలదు, బోల్టు సగంలో ఆగిపోతుంది. గ్యాసు ఎక్కువైతే తొడుగు అంచు చిరుగుతుంది. అయితే అన్నిటికంటే ముందు వాళ్లడిగే ప్రశ్న ఒకటుంది... ‘నిన్న ఏ తూటా వాడారు? ఇవాళ ఏది?’

వియత్నాంలో ఆ ప్రశ్న వేయడానికి ఆలస్యమైంది. దాని ధర ప్రాణాలు.

మనింట్లో కుక్కర్ అయినా, మోటారైనా, స్కూటరైనా మొరాయిస్తే వెంటనే తిట్టేయకండి. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. సగం మరమ్మతు అక్కడే అయిపోతుంది!