సీసా మీది నాలుగు మాటలు

వేసవి వచ్చినదంటే సుభాష్‌పల్లిలోని తెలుగు ఇండ్లలో ఖాళీ సీసాలకు గిరాకీ పెరుగుతుంది. ఆవకాయ, మాగాయలు జాడీలకెక్కుతాయి. నిమ్మ షర్బత్తు, అల్లం రసము సీసాలకెక్కుతాయి. నెల తిరిగేసరికి ఏ సీసాలో ఏమున్నదో నింపిన ఇల్లాలికి తప్ప మరెవ్వరికీ తెలియదు. అందుచేత ఈసారి మన శీర్షికలో సీసాకు అంటించే చీటీని గురించి ముచ్చటించుకొందాము.

చీటీకి ప్రతిష్ఠ తెచ్చినవి బీరు సీసాలే. బ్రిటనులో 1876 జనవరి 1న ట్రేడు మార్కుల నమోదు ప్రారంభమైనప్పుడు మొదటి సంఖ్య దక్కినది బాస్ కంపెనీ బీరు చీటీ మీది ఎర్ర త్రికోణమునకే. ఫ్రెంచి చిత్రకారుడు మానే 1882లో పూర్తి చేసిన పానశాల చిత్రములో కూడా ఆ సీసాలు కనబడతాయి. 1978లో అమెరికా ప్రభుత్వము ఇంటి వాడకమునకు బీరు కాచుకొనుటకు అనుమతించిన తరువాత, సొంత సీసాలకు సొంత చీటీలు గీసుకొనుట అక్కడ ఒక చక్కని వ్యాపకమైనది. పశ్చిమ బెంగాలులోనైతే 1909 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే మద్యము తయారు చేయరాదు. కనుక బీరును వారికే విడిచి, వారి చీటీ విద్యను మాత్రము మన షర్బత్తు సీసాలకు తెచ్చుకొందాము.

మంచి చీటీకి నమూనా కావలెనంటే దూరము పోనక్కరలేదు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఓవర్‌హాలు ముగించుకొని వచ్చిన వ్యాగనును చూడండి. ఖాళీ బరువు, మోయగల బరువు, ఓవర్‌హాలు జరిగిన చోటు, తేదీ, మరల రావలసిన తేదీ అన్నీ దాని ఒంటి మీదనే ఉంటాయి. అది ఏ దూరపు యార్డులో నిలిచినా, దానిని ఎన్నడూ చూడని ఉద్యోగి చదువుకొని తన పని తాను చేసుకొనగలడు. నింపినవారు ఎదుట లేనప్పుడు వారి బదులు నిజము చెప్పుటయే చీటీ ధర్మము.

కనుక సీసా మీద నాలుగు మాటలు తప్పనిసరి: పేరు, నింపిన తేదీ, కలిపిన వస్తువులు, వాడవలసిన గడువు. తేదీ అలంకారము కాదు. చక్కెర, ఈస్టు కలిసిన పానీయమును మూత బిగించి ఉంచితే లోపల కార్బన్ డయాక్సైడు చేరి, ఒత్తిడి పెరిగి సీసా పగులవచ్చును. ఆవాలో, వేరుశనగో పడని అతిథికి వస్తువుల పట్టికయే రక్ష. ఇక పానీయపు సీసాలో ఫినాయిలు, ఆసిడు పోయుట ఎన్నడూ కూడదు. అక్కడ చీటీ కూడా చాలదు. అక్షరములు రాని పసివాడు సీసా ఆకారమునే చదువుతాడు.

అంటించుటకు పాలు చాలును. కాగితము వెనుక పలుచగా పాలు రాసి అద్దితే, పాలలోని కేసిన్ వలన అది ఆరిన గాజుకు పట్టుకొంటుంది. సీసా మరల కావలసినప్పుడు నీటిలో నానబెడితే ఊడివస్తుంది. ఫౌంటెన్ పెన్ను సిరా తడికి అలుకుకొనిపోతుంది, పెన్సిలు గీత నిలుస్తుంది. నూనె ఓడే ఆవకాయ జాడీకి కాగితము అంటించుట వృథా. మెడకు దారముతో అట్టముక్క కట్టుట మేలు. రంగుల విషయములో మన స్టేషను బోర్డులే గురువులు: పసుపు మీద నల్లని అక్షరము దూరమునకు కూడా స్పష్టము.

మరొక్క మాట. మన పిల్లలకు వీధిలో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు, హిందీ. తెలుగు వారి చెవికి చేరుతున్నది గాని, చాలమందికి చేతికి అందుట లేదు. చీటీలు వ్రాసే పనిని వారికే అప్పగించండి. “మాగాయ” అని వ్రాయుటకు మూడక్షరములు చాలును. బొమ్మ వారి ఇష్టము, అక్షరము మాత్రము తెలుగు కావలెను. జాడీ ఖాళీ అగుటకు ఏడాది పట్టును. అన్ని దినములూ అన్నము వేళ ఆ అక్షరములు వారి కళ్ళ ఎదుటనే ఉంటాయి.