ప్రాసెసర్‌కు నీళ్లు, మదర్‌బోర్డుకు ఎండ

మే నెలలో చిన్నకోడూరులో మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు మామూలే. రేకుల కప్పు కింద గదైతే ఇంకా ఎక్కువ. అలాంటి గదుల్లో కూర్చుని పెండ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, గేములాడే పిల్లలు వేగం కోసం ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేస్తుంటారు. డబ్బు పోసి కొన్న వస్తువుతో పూర్తి పని చేయించుకోవాలనుకోవడం తప్పేం కాదు. నా బాధల్లా ఒక్కటే. చల్లబరచడానికి పెట్టే ఖర్చంతా ప్రాసెసర్‌కే పోతోంది, దానికి కరెంటు అందించే భాగాలను పట్టించుకునేవారు లేరు.

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ సాకెట్ పక్కన వరసగా కనిపించే చిన్న నల్ల చిప్పులు మాస్‌ఫెట్లు. బూడిదరంగు దిమ్మెలు చోకులు. వాటి పక్కన కెపాసిటర్లు. అన్నింటినీ కలిపి వీఆర్ఎం అంటారు. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు సరిపడా 1.2, 1.3 వోల్టులకు దించడం దాని పని. 1.25 వోల్టుల దగ్గర 100 వాట్లు ఇవ్వాలంటే 80 ఆంపియర్లు పారాలి. ఇంట్లో 750 వాట్ల మిక్సీ లాగేది మూడున్నర ఆంపియర్ల లోపే! పైగా ప్రాసెసర్ వాడే విద్యుత్తు వేగంతో పాటు, వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం పది శాతం పెంచి, వోల్టేజీని 1.2 నుంచి 1.35కు తీసుకెళ్తే వాడకం దాదాపు 40 శాతం ఎక్కువవుతుంది. ఆ భారమంతా ఈ చిప్పుల మీదే.

ప్రాసెసర్‌తో పాటు వచ్చే మామూలు ఫ్యాన్ కిందికి ఊదుతుంది కాబట్టి, ఆ గాలి కొంత చుట్టుపక్కల చిప్పులకూ తగులుతుంది. దాన్ని తీసేసి వాటర్ కూలర్ బిగిస్తే ప్రాసెసర్ చల్లబడుతుంది, వీఆర్ఎంకు ఉన్న కాస్త గాలీ పోతుంది. తెర మీద ప్రాసెసర్ 65 డిగ్రీలే చూపిస్తున్నా వేగం ఉన్నట్టుండి పడిపోతోందా? వీఆర్ఎం కాగిపోయి బోర్డే వేగాన్ని తగ్గిస్తోందేమో చూడండి. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు ఎన్నిసార్లు మార్చినా ఆ జబ్బు నయం కాదు.

హీట్‌సింకైనా ఫ్యానైనా గది వేడి కంటే కిందికి దించలేవు. 25 డిగ్రీల గదిలో 85 దగ్గర నిలిచే వీఆర్ఎం, 42 డిగ్రీల గదిలో 102 దాకా వెళ్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క. చల్లటి గదుల్లో పరీక్షించి చెప్పిన సెట్టింగులను మనం ఇక్కడ ఉన్నవున్నట్టు పెట్టుకోకూడదు.

మందు ఖరీదైనదేమీ కాదు. వీఆర్ఎం వైపు తిప్పిన చిన్న ఫ్యాన్ ఒక్కటి చాలా మేలు చేస్తుంది. హీట్‌సింకులు విడిగా కొని అతికించేవారు థర్మల్ ప్యాడ్‌కు రెండు వైపులా ఉండే ప్లాస్టిక్ పొర తీయాలి. అతుకు గట్టిగా ఉండాలి, ఆ అల్యూమినియం ముక్క ఊడి గ్రాఫిక్స్ కార్డు మీద పడితే షార్టే. దుమ్ము దులిపేటప్పుడు కరెంటు తీసేసి, ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్ వాడాలి.

బీ450 లాంటి చిప్‌సెట్‌తో వచ్చే చవక బోర్డుల్లో కొన్నింటికి వీఆర్ఎం మీద హీట్‌సింకే ఉండదు, కానీ ఓవర్‌క్లాకింగ్‌కు అనుమతి ఉంటుంది. అనుమతి ఉంది కదా అని పూనుకోవద్దు. బోర్డు కొనేటప్పుడు రంగు లైట్ల సంగతి తర్వాత, ముందు హీట్‌సింక్ ఉందో లేదో చూపించమని దుకాణదారును అడగండి. ఏసీ లేని గదైతే మార్చి రాగానే బయాస్‌లోకి వెళ్లి పాత వేగానికే మార్చేయండి.