బొగ్గు మథనం

పాలకడలిని చిలికినప్పుడు అమృతం కంటె ముందుగా హాలాహలం పుట్టిందని పురాణాలు చెబుతున్నాయి. కోరినదానితోపాటు కోరనిదాన్ని కూడా మథనం వెలికి తెస్తుందన్నది ఆ కథ అందించే నీతి. నేలబొగ్గును చమురుగా మార్చే విద్యకు ఈ నీతి చక్కగా అన్వయిస్తుంది.

నేలబొగ్గులన్నీ ఒకే తీరువి కావు. లిగ్నైట్ అనే గోధుమవన్నె బొగ్గు శ్రేణిలో తక్కువది. గని నుండి తీసినప్పుడు దాని బరువులో దాదాపు సగం నీరే. దూరప్రాంతాలకు తరలిస్తే ఆ నీటికి కూడా రవాణా వ్యయం భరించవలసి వస్తుంది. అందుచేతనే తమిళనాడులోని నైవేలిలో దానిని గనుల చెంతనే మండించి విద్యుత్తును ఉత్పత్తి చేస్తున్నారు. అయితే రసాయన చర్యలకు ఈ బొగ్గు సులభంగా లొంగుతుంది. పెట్రోలులో ఒక్కొక్క కర్బన పరమాణువుకు సుమారు రెండు ఉదజని పరమాణువులుంటాయి. బొగ్గులో ఆ పాలు ఒకటికి అటూ ఇటూగానే ఉంటుంది. ఈ లోటును పూరించడమే ఈ విద్యలోని కీలకం.

జర్మనీ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ బెర్గియుస్ అధిక ఉష్ణోగ్రత, అధిక పీడనాల వద్ద బొగ్గుకు ఉదజనిని జోడించే పద్ధతిని 1913 నాటికి సాధించాడు. 1927లో లోయ్నా నగరంలోని కర్మాగారం గోధుమ బొగ్గు నుండి పెట్రోలు తీయనారంభించింది. 1931లో బెర్గియుస్‌కు, కార్ల్ బాష్‌కు కలిపి నోబెల్ బహుమతి లభించింది. బొగ్గును మొదట వాయువుగా మార్చి, ఆ వాయువు నుండి చమురు తీసే మరో మార్గాన్ని ఫిషర్, ట్రాప్ష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1920వ దశకంలో కనుగొన్నారు.

చమురు బావులు చాలినన్ని లేని జర్మనీకి ఇది వరమే అయింది. కాని ఆ వరం నాజీ పాలకుల చేతిలో ఆయుధంగా మారింది. రెండవ ప్రపంచయుద్ధంలో ఆ దేశపు యుద్ధవిమానాలు ఎక్కువగా ఈ కృత్రిమ ఇంధనంతోనే ఎగిరాయి. అందువల్లనే 1944 మే 12న అమెరికా విమానాలు లోయ్నాపై బాంబులు కురిపించాయి. అనంతరకాలంలో దక్షిణాఫ్రికా ఇదే బాట పట్టింది. 1950లో స్థాపితమైన సాసోల్ సంస్థ 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. వర్ణవివక్ష పాలన కారణంగా చమురు సరఫరాపై ఆంక్షలు ఎదురైన రోజుల్లో ఆ దేశాన్ని బొగ్గు చమురే ఆదుకుంది. చమురు దొరకని సంకటంలోనే ఈ పరిశ్రమ పెరిగిందనడానికి ఈ రెండు దేశాల చరిత్రే సాక్ష్యం.

ఇక హాలాహలం సంగతి. బొగ్గుకు జోడించవలసిన ఉదజనిని సాధారణంగా బొగ్గు నుండే తీస్తారు. ఆ క్రమంలో బొగ్గుపులుసు వాయువు అపారంగా వెలువడుతుంది. దానిని ఒడిసిపట్టి భద్రపరచకపోతే, ముడిచమురు పెట్రోలుతో పోల్చినప్పుడు బొగ్గు పెట్రోలు వల్ల కలిగే కాలుష్యం దాదాపు రెండింతలు. దక్షిణాఫ్రికాలోని సెకుండా కర్మాగారం ఈ వాయువును ఒకే చోట అత్యధికంగా వెలువరించే స్థావరాలలో ఒకటిగా పేరుపడింది.

భారతదేశం తనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నది. కనుక స్వదేశీ బొగ్గుపై ఆశ కలగడం సహజం. 2030 నాటికి 10 కోట్ల టన్నుల బొగ్గును వాయురూపంలోకి మార్చాలన్నది ప్రభుత్వ లక్ష్యం. బూడిద పాలు హెచ్చుగా గల దేశీయ బొగ్గు నుండి రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే నమూనా కర్మాగారం 2022 జనవరిలో హైదరాబాదులోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ పరిశోధన కేంద్రంలో ప్రారంభమైంది. ఈ స్వావలంబన యత్నం అభినందనీయం. విదేశాల ముందు చేయి చాచని జాతికే ఆత్మగౌరవం నిలుస్తుంది.

అయితే విద్యను ఆర్జించడం వేరు, దానిని వినియోగించడం వేరు. ఎరువులకు, రసాయనాలకు బొగ్గు వాయువును వాడుకోవడం సబబే; అక్కడ కూడా వెలువడే విషవాయువును పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి. కాని రైలుతోనో, విద్యుత్ వాహనంతోనో తీరగల ప్రయాణానికి బొగ్గును చమురుగా మార్చి తగులబెట్టడం వివేకం కాదు. నాడు లోకాన్ని కాపాడడానికి గరళాన్ని కంఠంలో నిలుపుకొన్న శివుడున్నాడు. నేటి గరళాన్ని మింగవలసినవారు ఇంకా పుట్టని బిడ్డలు. వారి అనుమతి అడగడానికి వీలులేదు గనుక, వారి తరఫున ఆలోచించడం నేటి తరం ధర్మం.