పాత జీపుకు ముందు బ్రేకులు, తరువాతే రంగు



టాపు తీసి తిరిగే పాత కారును బాగుచేయడం పట్నంలో డబ్బున్నవారి సరదా అనుకుంటాం. మన ఒంగోలు పల్లెల్లో దానికి దగ్గర చుట్టం ఒకటుంది. పొగాకు బ్యారన్ పక్కన, వేపచెట్టు కింద నిలిచిపోయిన పాత జీపు! గుడ్డ టాపు విప్పి, ముందు అద్దం బానెటు మీదికి వంచితే అదీ అటువంటి బండే. అమెరికా విల్లీస్ జీపులను మహీంద్రా వారు 1940ల చివరి నుండి బొంబాయిలో బిగించి అమ్మారు. ఆ నమూనా దశాబ్దాల పాటు సాగింది గనుక విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. మొదటిసారి చేయి పెట్టేవారికి ఇంతకంటే అనుకూలమైన బండి లేదని నా అభిప్రాయం.

చాలామంది ముందుగా రంగు డబ్బా కొంటారు. వద్దు. ఈ జీపుల్లో బ్రేకు మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ళ కింద ఉంటుంది. నాలుగు చక్రాలకూ అదొక్కటే ఆధారం. ఎక్కడ ఒక గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ పోయినట్టే. కాబట్టి రబ్బరు కప్పులు, గొట్టాలు అన్నీ కొత్తవి వేయించండి. బ్రేకు ఆయిలుకు బదులు ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును నోటితో ఊదక, తడిగుడ్డతో తుడవండి.

పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. తుప్పూ అక్కడే ఎక్కువ. ఖాళీదే కదా అని వెల్డింగు పెట్టించవద్దు. లోపల మిగిలిన ఆవిరి పేలి ప్రాణాలు తీస్తుంది. ఇప్పటి పెట్రోలులో నూటికి 20 వంతుల వరకు ఇథనాల్ కలుస్తోంది, అది పాత రబ్బరు పైపులను తినేస్తుంది. వాటినీ మార్చాలి.

కాగితాల సంగతి నాన్నగారితో కూర్చొని ముందే చూసుకోండి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకు ముందు ఒంగోలు గుంటూరు జిల్లాలోనిది గనుక అప్పటి బండి రికార్డు అక్కడ వెదకవలసి రావచ్చు. 2021 నాటి కేంద్ర నియమం ప్రకారం, మొదటి రిజిస్ట్రేషనుకు 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండిని వింటేజి బండిగా కొత్తగా నమోదు చేయించడానికి రుసుము 20,000 రూపాయలు. అయితే దానిని రోజువారీ పనులకు నడపరాదు. మిర్చి టిక్కీలు వేసుకుపోవాలన్నా, ప్రతి ఆదివారం ఇంటిల్లిపాదీ మందిరానికి వెళ్ళాలన్నా మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకొని, అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి.

డబ్బు మాట. 2025 ఆరంభంలో మిర్చి ధర ఎలా పడిపోయిందో మీ ఇళ్ళలో తెలుసు. పంట డబ్బు చేతికి వచ్చి, విత్తనాలకూ ఎరువులకూ పక్కన పెట్టాక మిగిలినదే జీపుకు. మిగలని ఏడు టార్పాలిన్ కప్పి ఉంచండి. అంతకాలం ఆగిన బండి ఇంకో ఏడాది ఆగుతుంది. దీనికోసం వడ్డీకి మాత్రం తేవద్దు.

మొదటిసారి కదిలించేటప్పుడు చదునైన పొలం బాటలో, మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకొని, నడక వేగంతో నడపండి. పిల్లలను ఎక్కించుకోవద్దు.