విస్మయము వినని చెవికే

2023 డిసెంబరు 3వ తేదీన తెలంగాణ శాసనసభ ఎన్నికల ఫలితములు వెలువడినప్పుడు, వరుసగా రెండు పర్యాయములు అధికారమున నిలిచి మూడవ పర్యాయమును తనదేయని దృఢముగా నమ్మియుండిన భారత రాష్ట్ర సమితి ఓడిపోవుటయు, ఐదేండ్ల పూర్వము 19 స్థానములకు కుంచించుకొనిపోయిన కాంగ్రెసు 64 స్థానములతో అధికారపీఠము నధిష్ఠించుటయు దేశమున అనేకులను ఆశ్చర్యచకితులను గావించెను. ప్రజలు మౌనముగా తీర్పు చెప్పిరనియు, ఆ మౌనమే ప్రజాస్వామ్యమునకు అలంకారమనియు నాడు వినవచ్చిన ప్రశంస నేటికిని మన రాజకీయ చర్చలలో వినబడుచునే యున్నది. ఈ ప్రశంసతో నేను పూర్తిగా ఏకీభవింపజాలను. ఎన్నికలలో ప్రభుత్వము మారుట ఆరోగ్యలక్షణమే. కాని ఏలువారికి ఇసుమంతయు తోచకుండ మారుట, నడుమ గడచిన ఐదేండ్లలో పల్లెమాట ప్రభుత్వమునకు చేరు మార్గములన్నియు పూడిపోయినవనుటకు నిదర్శనము.

ఈ విషయమును గ్రహించుటకు రాజన్న సిరిసిల్ల జిల్లా అంచుననున్న గంభీరావుపేటనుండి చూచుట మేలు. నర్మాల కడ మానేరుపై నిజాము కాలమున కట్టిన ఎగువ మానేరు జలాశయము ఈ మండలములోనిదే. ఈ మండలము చేరియున్న సిరిసిల్ల నియోజకవర్గమున భారత రాష్ట్ర సమితి పక్షమున కె. తారక రామారావు గెలిచిరి. పొరుగుననున్న వేములవాడలో, అంతకు పూర్వము పలుమారులు ఓటమి చవిచూచిన ఆది శ్రీనివాస్ కాంగ్రెసు పక్షమున నెగ్గిరి. జిల్లా పొలిమేర దాటి కామారెడ్డికి పోయినచో, నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావును, నాలుగు దినములలో ముఖ్యమంత్రి కానున్న ఎ. రేవంత్ రెడ్డిని ఒక్క పోటీలోనే ఓడించి, భారతీయ జనతా పార్టీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి 6,741 ఓట్ల ఆధిక్యముతో గెలుపొందిరి. కోరుట్ల, జగిత్యాలలు మరల భారత రాష్ట్ర సమితికే దక్కినవి. ఒకే యాస, ఒకే వరిచేలు, ఇంటింట బీడీల పని, ఏ వాడ చూచినను గల్ఫుకు పోయిన కొడుకులు, ఇట్టి ఈ సీమలో మూడు పక్షములు గెలిచినవన్నచో, దీనిని గాలియని చెప్పుట యెట్లు?

అంకెలును ఈ మాటనే చెప్పుచున్నవి. కాంగ్రెసునకు 39.40 శాతము, భారత రాష్ట్ర సమితికి 37.35 శాతము ఓట్లు వచ్చినవి. ఇరువురి నడుమ భేదము రెండు శాతమే. స్థానములలో మాత్రము అది ఇరువదియైదు స్థానముల యంతరమాయెను. అయితే 2018లో 46.87 శాతము ఓట్లతో 88 స్థానములు గెలిచిన పక్షమునకే నూటికి తొమ్మిదికి మించి ఓట్లు తరిగిపోయినవన్న సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. గెలిచిన సిరిసిల్లలో సైతము 2018 నాటి 89,009 ఓట్ల ఆధిక్యము 29,687కు దిగజారెను. ఇంతటి క్షీణత ఒక్క రాత్రిలో సంభవించునది కాదు. అది ఏండ్ల తరబడి, ఊరూర, మెల్లమెల్లగా సాగినది.

అట్లు సాగుచున్నదని సూచనలు లేకపోలేదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో పసుపునకును ఎర్రజొన్నకును గిట్టుబాటు ధర కోరుచు, జగిత్యాల, కోరుట్లలు చేరియున్న నిజామాబాదు స్థానమున రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేయగా, అభ్యర్థుల సంఖ్య 185కు చేరి, దేశమెల్ల అటువైపు చూచెను. ఆ ఎన్నికలో ముఖ్యమంత్రి కుమార్తెయే ఓడిపోయిరి. 2021లో హుజూరాబాదు ఉపఎన్నికయు అధికారపక్షమునకు ప్రతికూలమాయెను. 2023 జనవరిలో, పట్టణ ప్రణాళిక ముసాయిదాలో తమ పొలములను పారిశ్రామిక ప్రాంతమున చేర్చిరని కామారెడ్డి రైతులు వీధికెక్కిరి. అదే వత్సరమున ప్రశ్నపత్రముల లీకేజీతో గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష రద్దగుటయు, మరల జరిపిన పరీక్షయు న్యాయస్థానమున నిలువకపోవుటయు, ఏండ్లకొలది పుస్తకములు ముందుంచుకొని కూర్చున్న యువకుల గుండెలను పిండివేసినవి. గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దుచేసి, 2020లో భూరికార్డులకు ధరణి పోర్టలును తెచ్చినపిదప, పాసుపుస్తకములో ఒక్క గుంట తప్పుపడినను రైతు కలెక్టరు కార్యాలయమునకు తిరుగవలసివచ్చెను. ఎన్నికలకు నలువది దినముల ముందు మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు కుంగుటతో ఆ అసంతృప్తికి ఒక దృశ్యరూపము లభించినది. అసంతృప్తి మాత్రము అంతకు చాల పూర్వమే పుట్టినది.

ఆ ప్రభుత్వము మేలు చేయలేదనుట అన్యాయము. వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు, రైతుబంధు, బీడీ కార్మికులకు ఆసరా పింఛను, బతుకమ్మ చీరలతో సిరిసిల్ల సాంచాలకు పని, గంభీరావుపేటలో కేజీనుండి పీజీవరకు ఒకే ప్రాంగణమున విద్య, ఇవి కంటికి కనబడిన మేళ్లు. సిరిసిల్ల ఓటరు వానిని మరువలేదు కూడ. కాని మేలు పొందుట వేరు, మాట చెల్లుట వేరు. రైతుబంధు పట్టాదారుని ఖాతాకు చేరినది, కౌలురైతు గోడు ఏ ఖాతాలోను చేరలేదు. దళితబంధు లబ్ధిదారుల యెంపిక శాసనసభ్యుల చేతిలో నుండుటచే, అర్హత కంటె అనుగ్రహము ప్రధానమాయెను. అప్పుచేసి పనులు చేయించిన సర్పంచులు బిల్లుల కొరకు నెలలకొలది ఎదురుచూచిరి. తన యూరి మోరీకి తానే నిధులు తేలేని సర్పంచి, ప్రజల మనసులోని మాటను పైవారి చెవిని వేయగలడా? కాలువ గండిపడినదని మొట్టమొదట చెప్పవలసిన నీరటికాడినే తీసివేసి, చెరువు నిండుగ నున్నదని గట్టుపై సంబరపడుట వంటిదే ఆ పాలన.

చరిత్రయు ఇట్టి పాఠమునే చెప్పుచున్నది. 1978 నుండి 1983 వరకు ఐదేండ్లలో నలుగురు ముఖ్యమంత్రులను ఢిల్లీనుండి మార్చిన కాంగ్రెసును, పుట్టి తొమ్మిది నెలలు మాత్రమే నిండిన తెలుగుదేశము రెండువందలకు పైగా స్థానములతో తొలగించినది. 2004లో, రాజధాని వెలుగులను చూచి పల్లె కరవును చూడని తెలుగుదేశము 47 స్థానములకు పడిపోయినది. కెనడాలోని ఆల్బెర్టాలో 1971నుండి అవిచ్ఛిన్నముగా ఏలిన పక్షము 2015 మే నెలలో ఒక్క ఎన్నికతో కూలినది. దేశములు వేరు, కాలములు వేరు. దీర్ఘకాలము గెలిచినవారు తమకు నచ్చిన వార్తలనే తెచ్చువారిని చుట్టును చేర్చుకొనుట మాత్రము సర్వత్ర సమానము.

కొత్త ప్రభుత్వము ఈ పాఠమును నేర్చినదా? ముఖ్యమంత్రి నివాసము ముందటి ఇనుప కంచెలను తొలగించుటయు, ప్రజాపాలన పేర దినముల వ్యవధిలో 1.25 కోట్లకు పైగా దరఖాస్తులు స్వీకరించుటయు శుభారంభములే. కాని అన్ని దరఖాస్తులు ఒక్కమారుగా వెల్లువెత్తుటయే, అంతవరకు గ్రామమున వినువాడు లేడనుటకు సాక్ష్యము. 2024 ఫిబ్రవరి ఆరంభమున సర్పంచుల పదవీకాలము ముగియగా, గడువు తీరకముందే ఎన్నికలు జరుపవలెనని రాజ్యాంగము విధించుచున్నను, 2025 డిసెంబరు వరకు పల్లెలు ప్రత్యేకాధికారుల చేతిలోనే యుండినవి. ఆ కాలముననే బతుకమ్మ చీరల పని ఆగి, సిరిసిల్లలో సాంచాలు మూగవోయినవి; పల్లెలలో నేతన్నల వేదనకు వెంటనే వేదిక కాగల పంచాయతీ పాలకవర్గము లేకపోయెను. పిదప స్వయంసహాయక సంఘముల చీరల పని ఇచ్చిరి గాని, ఆలస్యమునకు మూల్యము చెల్లించినది కార్మికుడే. ఇక పక్షాంతరముల సంగతి: 2019లో కాంగ్రెసు శాసనసభ్యులు 12 మంది నాటి అధికారపక్షమున విలీనమైరి, 2024 తరువాత భారత రాష్ట్ర సమితికి చెందిన పదిమందిపై అట్టి ఆరోపణయే స్పీకరు ముందునకును సుప్రీంకోర్టునకును పోయినది, వారిలో జగిత్యాల శాసనసభ్యుడొకరు. ఓటరు వ్రాసిన తీర్పును ఓటరు నడుగక దిద్దు ఆచారము ఏ పక్షమునకును గౌరవమీయదు.

కావున నా మనవి సూటియైనది. లబ్ధిదారుల జాబితా గ్రామసభలో బహిరంగముగా చదివి, ఆక్షేపణలను అచటనే వ్రాసికొనవలెను. పంచాయతీ నిధులు గడువు తప్పక విడుదల కావలెను. స్థానిక ఎన్నికలను ప్రభుత్వముల సౌకర్యమునకై వాయిదావేయు ఆచారము నశింపవలెను. శాసనసభ్యుడు శాసనములు చేయు పనికి మరలి, ఇండ్లు, పింఛన్లు పంచు పెత్తనమును గ్రామసభకు విడువవలెను. ఇవి జరిగినను ప్రభుత్వములు మారుచునే యుండును, మారవలెను కూడ. అయితే అప్పుడు పౌరుడు తన మాట వినిపించుటకు ఐదేండ్లు కాచుకొని కూర్చుండ నక్కరలేదు; ఏలువాడును తన తప్పును ఓట్ల లెక్కింపునాడు గాక, దిద్దుకొనుటకు వ్యవధి యున్నప్పుడే తెలిసికొనును.